మొహమాటస్తుల దుకాణం

బెజవాడ వన్‌టౌన్ వస్త్రలత బట్టల బజారులో నోరున్నవాడిదే బేరం. మరి ఫోన్ మోగితేనే గుండె దడదడలాడే మనిషి కొట్టు పెడితే? ఈ సంచిక అలాంటివాళ్ల గురించే.

వీళ్లను కుంగదీసేది అమ్మకం కాదు, వసూలు. ఇచ్చిన సరుకుకు డబ్బడగాలంటే నోరు పెగలదు. బాకీదారు ఎదురైతే వీళ్లే పక్క సందులోకి తప్పుకుంటారు. ‘నేడు రొక్కం, రేపు అరువు’ బోర్డు మొదట రాయించిందెవరో గానీ, కచ్చితంగా మొహమాటస్తుడే అయ్యుండాలి! 2016లో యూపీఐ వచ్చాక కొంత ఊపిరాడింది: డబ్బు పడిందని బల్లమీది డబ్బానే అరిచి చెబుతోంది. అరువు పద్దు మాత్రం నోరు విప్పితే గానీ తీరదు.

కొండపల్లిలో తలొంచుకుని తెల్లపొణికి కర్రతో బొమ్మలు చెక్కే చేతులు, బేరగాళ్ల ముందు ధర ఎలా నిలబెట్టుకుంటున్నాయో లోపలి పేజీల్లో చదవండి.

- సంపాదకుడు