సికిల్ సెల్: పరీక్షలు సరే, మాత్ర మాటేమిటి?

2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని శహడోల్‌లో ప్రధాని నరేంద్ర మోదీ జాతీయ సికిల్ సెల్ ఎనీమియా నిర్మూలన మిషన్‌ను ప్రారంభించారు. 17 రాష్ట్రాల గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్లలోపు వారు 7 కోట్ల మందికి మూడేళ్లలో పరీక్షలు చేయాలి. 2047 నాటికి ఈ జబ్బు ప్రజారోగ్య సమస్యగా మిగలకూడదు. ఇదీ లక్ష్యం. పరీక్షల వరకు చూస్తే పని చురుగ్గానే సాగింది. 2025 జులై చివరికే 6 కోట్లు దాటాయి. 2 లక్షలకు పైగా రోగులు, 16 లక్షలకు పైగా వాహకులు బయటపడ్డారు. మరి జబ్బు ఉందని తేలిన ఆ 2 లక్షల మందికి రోజూ అందాల్సిన వైద్యం అందుతోందా? లెక్కల్లో పెద్దగా వినిపించని ప్రశ్న ఇదే.

అసలు ఈ జబ్బు ఎక్కడ మొదలవుతుందో చూస్తే వైద్యం సంగతీ అర్థమవుతుంది. హిమోగ్లోబిన్‌లోని బీటా గొలుసును 146 అమైనో ఆమ్లాలతో పేర్చాలని డీఎన్‌ఏ చెబుతుంది. అందులో ఆరో స్థానానికి సంబంధించిన మూడక్షరాల మాట ‘జీఏజీ’. ఈ రోగుల్లో అది ‘జీటీజీ’గా ఉంటుంది. తేడా ఒక్క అక్షరమే. దాంతో గ్లుటామిక్ ఆమ్లం ఉండాల్సిన చోట వాలీన్ వచ్చి కూర్చుంటుంది. మొదటిది విద్యుదావేశంతో నీటిలో ఇమిడిపోయేది. రెండోది నూనెలా నీటికి దూరం జరిగేది. ఆక్సిజన్‌ను వదిలేశాక ఇలాంటి హిమోగ్లోబిన్ అణువులు ఒకదానికొకటి అతుక్కుని పొడవైన పోగులుగా మారతాయి. గుండ్రటి కణం కొడవలిలా వంగి సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటుంది. 120 రోజులు బతకాల్సిన ఎర్రకణం రెండు మూడు వారాలకే చితికిపోతుంది. రక్తహీనత, ఎముకల్లో భరించలేని నొప్పి, పిల్లల్లో పక్షవాతం అన్నీ ఆ ఒక్క అక్షరం నుంచే.

1949లో లైనస్ పౌలింగ్ బృందం దీన్ని అణువుకు వచ్చిన జబ్బుగా గుర్తించింది. ఆరో స్థానంలో జరిగిన మార్పును 1957లో వెర్నన్ ఇంగ్రామ్ తేల్చాడు. మన దేశంలో నీలగిరి గిరిజనుల్లో ఈ జబ్బును గుర్తించింది 1952లో. అంటే దీని రసాయన శాస్త్రం డెబ్బై ఏళ్లుగా తెలిసిందే. కొత్తగా కనుక్కోవాల్సి వచ్చి ఆలస్యమైందని చెప్పుకొనే వీల్లేదు.

మందు కూడా పాతదే. హైడ్రాక్సీయూరియాను సికిల్ సెల్‌కు వాడేందుకు అమెరికా 1998లో అనుమతించింది. అది పనిచేసే తీరు ఆసక్తికరం. కణంలో ఆర్‌ఎన్‌ఏకు కావలసిన ముడిసరుకు పుష్కలంగా ఉంటుంది. డీఎన్‌ఏ తయారు కావాలంటే ఆ ముడిసరుకులోని చక్కెర నుంచి ఒక ఆక్సిజన్ పరమాణువును తీసేయాలి. రైబోన్యూక్లియోటైడ్ రిడక్టేజ్ అనే ఎంజైము చేసే పని అది. హైడ్రాక్సీయూరియా దాన్ని అడ్డుకుంటుంది. ఎముక మజ్జలో కణ విభజన నెమ్మదిస్తుంది. ఆ ఒత్తిడిలో మజ్జ, తల్లి కడుపులో ఉన్నప్పటి పిండ హిమోగ్లోబిన్‌ను మళ్లీ ఎక్కువగా తయారు చేస్తుంది. అందులో బీటా గొలుసే ఉండదు కాబట్టి పోగులు కట్టడం తగ్గుతుంది. నొప్పి దాడులు, ఆసుపత్రి పాలవడం తగ్గుతాయి.

అయితే విభజనను ఆపే మందు తెల్లకణాలనూ తగ్గిస్తుంది. అందుకే క్రమం తప్పకుండా రక్తకణాల లెక్క చూడాలి, బరువును బట్టి మోతాదు మార్చాలి. గర్భిణులకు సాధారణంగా ఇవ్వరు. మాత్ర చౌకే, కానీ దాని వెంట ఉండాల్సిన ల్యాబు, డాక్టరు, రవాణా చౌక కావు. కొండ మీది ఊరి నుంచి నెల నెలా రక్తపరీక్షకు దిగి రావడమంటే ఒకరోజు కూలి పోయినట్టే. మధ్యలో మానేశారని రోగిని తప్పుపట్టడం తేలిక.

ఈలోగా వార్తలన్నీ జన్యు సవరణ చుట్టూ తిరుగుతున్నాయి. 2023 నవంబరులో బ్రిటన్, డిసెంబరులో అమెరికా కాస్‌జెవీ అనే క్రిస్పర్ చికిత్సకు అనుమతి ఇచ్చాయి. అమెరికాలో ధర 22 లక్షల డాలర్లు. అదీ చివరికి చేసేది పిండ హిమోగ్లోబిన్‌ను పెంచడమే, కాకపోతే శాశ్వతంగా. 2025 నవంబరులో ఢిల్లీలోని సీఎస్‌ఐఆర్ సంస్థ ఐజీఐబీ తయారుచేసిన స్వదేశీ క్రిస్పర్ చికిత్సకు బిర్సా ముండా పేరుతో ‘బిర్సా 101’ అని పేరు పెట్టారు. సీరం ఇన్‌స్టిట్యూట్‌తో ఒప్పందం కుదిరింది. ఇది గర్వించదగ్గదే. కానీ ఇలాంటి చికిత్సల్లో మూలకణాలను బయటికి తీయాలి, మజ్జను కీమోతో ఖాళీ చేయాలి, వారాల తరబడి పెద్దాసుపత్రిలో ఉంచాలి. ధర ఎంత తగ్గినా పాడేరు, ఉట్నూరు ఏజెన్సీ పల్లెల వారందరికీ ఇది రేపో ఎల్లుండో చేరుతుందని అనుకోలేం.

మిషన్ ఇస్తున్న కార్డుల సంగతీ మాట్లాడుకోవాలి. వధూవరుల కార్డులు పక్కపక్కన పెట్టి, ఇద్దరూ వాహకులైతే జాగ్రత్తపడమని సలహా. ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులో బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం, కాబట్టి సమాచారం అవసరమే. కానీ జాతకాలు చూసే మన సమాజంలో ఈ కార్డు మరో జాతకమైతే, పెళ్లి తప్పేది ముందు ఆడపిల్లకే. పైగా వాహకులు రోగులు కారు. మలేరియా నుంచి కొంత రక్షణ ఇచ్చింది గనుకే ఈ అక్షరం అడవి ప్రాంతాల్లో తరతరాలుగా నిలిచింది. ఈ మాట చెప్పకుండా చేతిలో కార్డు పెట్టడం సగం పనే.

ఆంధ్రప్రదేశ్ 2020 నుంచి సికిల్ సెల్ రోగులకు నెలకు రూ.10 వేల పింఛను ఇస్తోంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం కూడా ఈ జబ్బును జాబితాలో చేర్చింది. ప్రయాణ ఖర్చుకు, పోయిన కూలికి ఆ డబ్బు ఆసరా అవుతుంది. మాత్ర పీహెచ్‌సీ అరలో ఉందా లేదా అన్నది మాత్రం వేరే సంగతి.

పసిపిల్లల దగ్గర ఇబ్బంది ఇంకా ఎక్కువ. సాధారణంగా దొరికే క్యాప్సూల్ 500 మిల్లీగ్రాములది. మోతాదు కిలో బరువుకు 20 మిల్లీగ్రాములనుకుంటే 10 కిలోల బిడ్డకు కావలసింది 200. పిల్లలకు సరిపడే తక్కువ మోతాదు మందు తయారీకి ముందుకు రావాలని ఐసీఎంఆర్ 2024లో కంపెనీలను పిలిచింది. అది ప్రతి పీహెచ్‌సీకి చేరేదాకా తల్లి క్యాప్సూల్ విప్పి, పొడిని నీళ్లలో కలిపి, అందాజాగా చెంచాతో కొలవాల్సిందే.