కింది సెట్టు కదలకుండా

భోజనానికి కూర్చునే ముందు పళ్ల సెట్టు తీసి, రుమాల్లో చుట్టి జేబులో వేసుకునే పెద్దలు మన ఇళ్లలో చాలామందే ఉన్నారు. తినడానికి చేయించుకున్న పళ్లను తినే వేళకే తీసేయడం ఎంత విడ్డూరమో వాళ్లకు తెలియక కాదు. పటాన్‌చెరు వైపు ఒక తాతను మనవరాలు ఇదే అడిగితే, 'అవి నమలనీకి కాదు బిడ్డా, ఫోటో దిగనీకి' అన్నాడట. విన్నవాళ్లంతా నవ్వారు. తాత కూడా నవ్వాడు. కానీ ఆ సెట్టు కోసం ఆయన పళ్ల డాక్టరు చుట్టూ ఎన్నిసార్లు తిరిగాడో, ఎంత పోశాడో ఆ నవ్వులో కనిపించదు.

ఇందులో తప్పు చాలాసార్లు సెట్టుదీ కాదు, చేసిన డాక్టరుదీ కాదు. పై సెట్టు అంగిలినంతా కప్పుకుని ఉంటుంది. మధ్యలో పలుచని లాలాజలపు పొర, గాలి చొరబడని అంచు ఉంటే అది అంటుకుని నిలుస్తుంది. కింది సెట్టుకు ఆ వెసులుబాటు లేదు. లాడం ఆకారంలో ఉండే సన్నని పట్టీ అది. ఒకవైపు చెంప తోస్తుంది, మరోవైపు నాలుక లేపుతుంది. నాలుక మాట్లాడేటప్పుడే కాదు, మింగేటప్పుడూ ఊరికే ఉండదు. అందుకే కట్టుడు పళ్లు పెట్టుకున్నవారి ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం కింది సెట్టు మీదే. అన్నం మెతుకు దాని కిందికి జారితే చిగురు మీద ముల్లు గుచ్చుకున్నట్టే. నలుగురిలో గట్టిగా నవ్వితే ఎక్కడ ఊడిపడుతుందోనని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం ఒక అలవాటుగా మారిపోతుంది.

ఇంకో సంగతి చాలామందికి ఎవరూ చెప్పరు. పన్ను పోయిన చోట ఎముక నిలవదు. నమిలే ఒత్తిడి వేళ్ల ద్వారా అందినన్నాళ్లే దవడ గట్టిగా ఉంటుంది. పళ్లు పోయాక అది ఏటేటా కరుగుతూ పోతుంది. సెట్టు పెట్టుకున్నవారిని పాతికేళ్లపాటు గమనించిన ఆంట్యే టాల్‌గ్రెన్ 1972లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, కింది దవడ పైదవడ కంటే దాదాపు నాలుగు రెట్లు ఎక్కువగా అరిగిపోతుంది. పదేళ్ల కిందట అచ్చంగా కుదిరిన సెట్టు ఇవాళ ఊగుతోందంటే సెట్టు చెడిపోయి కాదు, కింద నేల కుంగిపోయి. కొత్త సెట్టు చేయించినా ఆ కుంగిన నేల మీదే కూర్చోవాలి.

దీనికి మందు స్వీడన్‌లో దొరికింది, అదీ వేరే పనిలో ఉండగా. పెర్ ఇంగ్వార్ బ్రోనెమార్క్ అనే వైద్యుడు 1950ల్లో కుందేళ్ల ఎముకల్లో రక్తప్రసరణను పరిశీలించడానికి టైటానియం గొట్టాలు అమర్చాడు. పని అయ్యాక తీయబోతే అవి రాలేదు, ఎముక వాటిని పట్టేసుకుంది. ఆ పట్టు మీద నమ్మకంతో 1965లో యోస్టా లార్సన్ అనే వ్యక్తికి దవడలో ఇంప్లాంట్లు అనే టైటానియం స్క్రూలు బిగించాడు. లార్సన్ 2006లో చనిపోయేదాకా, అంటే నలభై ఏళ్లకు పైగా, అవి ఆయన నోట్లో పనిచేశాయి. 2002లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో కూడిన నిపుణులు ఒక మాట మీదికి వచ్చారు. కింది దవడలో పళ్లు ఒక్కటీ లేనివారికి ఉత్త సెట్టు ఇక మొదటి చికిత్స కాకూడదు, రెండు ఇంప్లాంట్ల మీద నిలిచే సెట్టే మొదట ఇవ్వాలి అని. రెండంటే రెండే. ఎనిమిది కాదు, పది కాదు.

పని తీరు చెబితే భయం సగం పోతుంది. ముందు స్కానింగ్ తీసి ఎముక ఎంత ఉందో చూస్తారు. కోరపళ్లు ఉండే చోట, గడ్డానికి అటొకటి ఇటొకటి, మత్తు సూది ఇచ్చి చిన్న స్క్రూలు దించుతారు. పన్ను పీకించుకున్న బాధ కంటే ఎక్కువ ఉండదని చేయించుకున్నవారు చెబుతారు. తర్వాత మూడు నెలలపాటు ఎముక వాటిని పట్టుకునేదాకా ఆగుతారు. ఆపైన స్క్రూ తలమీద చిన్న గుండీ బిగించి, సెట్టు అడుగున దానికి సరిపోయే టోపీ అమరుస్తారు. టోపీ లోపల నైలాన్ రింగు ఉంటుంది. రవికె టిచ్ బటన్ నొక్కినట్టు సెట్టును వేలితో నొక్కితే టక్కున కూర్చుంటుంది. రాత్రి పడుకునేటప్పుడు లాగితే వస్తుంది. సెట్టు బాగుంటే పాతదాన్నే ఇలా మార్చుకోవచ్చు, కొత్తది కొనక్కర్లేదు. నైలాన్ రింగులు మాత్రం అరుగుతాయి, వాటిని అప్పుడప్పుడు మార్పించుకోవాలి.

నోటి సుఖం సంగతి అలా ఉంచి, కంచం సంగతి చూద్దాం. మామూలు సెట్టుతో నమిలే బలం సొంత పళ్లతో నమిలే బలంలో నాలుగో వంతు ఉంటే గొప్ప. దాంతో పెద్దలు మెల్లగా ఒక్కొక్కటీ వదిలేస్తారు. ముందు జామకాయ పోతుంది, ఆ వెనక పల్లీలు, ఉడికీ ఉడకని కూరగాయలు, మటన్. చివరికి మిగిలేది మెత్తటి అన్నం, పప్పుచారు, చాయ్‌లో ముంచిన బిస్కెట్. షుగరు ఉన్నవారికి ఇంతకంటే చెడ్డ తిండి ఉండదు. పటాన్‌చెరులో 1972లో వెలసిన పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ యాభై ఏళ్లకు పైగా జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ మీద పనిచేస్తోంది. దేశదేశాల నుంచి శాస్త్రవేత్తలు వచ్చి ఆ గింజల్లో బలం పెంచే దారులు వెతుకుతున్నారు. ఆ సంస్థ ప్రహరీ పక్క ఊళ్లలోనే జొన్నరొట్టె తిని పెరిగిన ముసలమ్మలు ఇవాళ రొట్టెను చారులో నానబెట్టుకుని గుటకేస్తున్నారు. సకినం సంగతి అడగనే వద్దు, అది సంక్రాంతికి పిల్లలకు పంచిపెట్టేదిగానే మిగిలిపోయింది.

ఇక ఈ ఇంప్లాంట్ల తయారీ సంగతి చూద్దాం, సుల్తాన్‌పూర్ నుంచి మొదలుపెట్టి. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ఈ ఊళ్లో తెలంగాణ ప్రభుత్వం 2017లో వైద్య పరికరాల పార్కుకు శంకుస్థాపన చేసింది. గుండె రక్తనాళాల్లో పెట్టే స్టెంట్ల కోసం ఎస్ఎంటీ కంపెనీ అక్కడ భారీ కర్మాగారం పెట్టింది. వెంట్రుకంత సన్నని లోహపు వల తయారుచేసి, దాన్ని మనిషి గుండెలో నిలబెట్టగల నైపుణ్యం మన సంగారెడ్డి జిల్లాలో ఉంది. టైటానియానికీ మనం కొత్త కాదు. హైదరాబాద్‌లోని ప్రభుత్వ రంగ సంస్థ మిధాని ఆ లోహాన్ని రక్షణ, అంతరిక్ష రంగాలకు అందిస్తోంది. ఆ లోహపు ముడిరూపమైన టైటానియం స్పాంజి తయారీ పద్ధతిని హైదరాబాద్‌లోని రక్షణ లోహ పరిశోధనశాల డీఎంఆర్‌ఎల్ శాస్త్రవేత్తలు రూపొందిస్తే, కేరళలోని చవరలో దాని మీదే కర్మాగారం నడుస్తోంది. ఆ లోహం పుట్టే ఇల్మనైట్ ఇసుక శ్రీకాకుళం, విశాఖ తీరాల్లోనూ ఉంది. అయినా మన దవడల్లోకి దిగే ఇంప్లాంట్లలో ఎక్కువ భాగం కొరియా, స్విట్జర్లాండ్, ఇజ్రాయెల్ లాంటి దేశాల కంపెనీలవే. కంపెనీని బట్టి, ఆసుపత్రిని బట్టి ఒక్కోదానికి 20 వేల నుంచి 50 వేల రూపాయల దాకా అడుగుతున్నారు.

స్టెంట్ల ధరలూ ఒకప్పుడు ఇలాగే ఇష్టారాజ్యంగా ఉండేవి. 2017 ఫిబ్రవరిలో కేంద్ర ఔషధ ధరల నియంత్రణ సంస్థ మందుపూత స్టెంటుకు 29,600 రూపాయల గరిష్ఠ ధర పెట్టింది. అదే ఏడాది ఆగస్టులో మోకాలి ఇంప్లాంట్ల వంతు వచ్చింది. పళ్ల ఇంప్లాంట్లకు అలాంటి గీత ఎవరూ గీయలేదు. గుండె, మోకాలు రోగాల కిందికి వస్తాయి, పళ్లు మాత్రం సోకు కిందికి వస్తాయన్నది అధికారుల లెక్క అనుకోవాలి. పళ్లు లేని నోటికి అందమొక్కటే తక్కువైందని భావించేవారు ఒక వారంపాటు గంజి తాగి చూడాలి.

పథకాలు లేవని కాదు. కేంద్రం 2017 ఏప్రిల్‌లో నెల్లూరులో మొదలుపెట్టిన రాష్ట్రీయ వయోశ్రీ యోజనలో చేతికర్ర, వినికిడి యంత్రం, కళ్లజోడుతో పాటు కట్టుడు పళ్లూ ఉన్నాయి. కేరళ 'మందహాసం' పేరుతో, కర్ణాటక 'దంతభాగ్య' పేరుతో పేద వృద్ధులకు ఉచితంగా సెట్లు ఇస్తున్నాయి. మంచి పనులే. అయితే ఇచ్చేది ఉత్త సెట్టు. కింది దవడ బాగా అరిగిపోయిన వాళ్ల విషయంలో అది జేబులోకి, గూట్లోకి చేరే సెట్టే. పనిచేసే చోట దెబ్బ తగిలి పళ్లు పోతేనే ఈఎస్ఐ కట్టుడు పళ్లు ఇస్తుంది. పటాన్‌చెరు, బొల్లారం ఫ్యాక్టరీల్లో 1970లు, 80ల్లో కుర్రవాళ్లుగా చేరినవారు ఇప్పుడు అరవైల్లో, డెబ్బైల్లో ఉన్నారు. వాళ్ల పళ్లు ఒక ప్రమాదంలో పోలేదు. షిఫ్టు మధ్యలో నమిలిన గుట్కాకు, చూపించుకోని చిగుళ్ల వాపుకు, 'పీకేస్తే పోతుంది' అన్న సలహాకు ఒక్కొక్కటిగా పోయాయి.

ఈ పరిస్థితి మార్చడానికి పెద్ద బడ్జెట్టు అక్కర్లేదు. అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్య కళాశాలలోనో, సంగారెడ్డి ప్రభుత్వ ఆసుపత్రిలోనో పేద వృద్ధులకు కింది దవడకు రెండు ఇంప్లాంట్లు ఇవ్వడం మొదలుపెట్టవచ్చు. సుల్తాన్‌పూర్ పార్కులో స్థలం, రాయితీలు పొందే కంపెనీల్లో ఒకటో రెండో నిఖార్సైన ఇంప్లాంటును చవగ్గా చేసేలా ప్రభుత్వం అడగవచ్చు. స్టెంటు చేసిన చేతులకు స్క్రూ చేయడం కష్టం కాదు.

మరో మాట కూడా చెప్పుకోవాలి. ఇప్పుడు బస్సుల వెనక, ఫోన్లలో 'మూడు రోజుల్లో నోటి నిండా పళ్లు' అన్న ప్రకటనలు కనిపిస్తున్నాయి. కొందరికి అది సరైన చికిత్సే కావచ్చు. కానీ ఎనభై ఏళ్ల మనిషికి నోట్లో బిగించేసిన పళ్ల కంటే తీసి కడుక్కోగలిగినవే మేలు. రేపు మంచం పడితే కోడలో కొడుకో తీసి శుభ్రం చేయగలుగుతారు. వేళ్లలో పట్టు తగ్గినవారు మరీ బిగువైన రింగులు వేయించుకోకుండా ముందే చెప్పాలి. షుగరు అదుపులో లేకపోయినా, బీడీ మానకపోయినా ఎముక స్క్రూను సరిగ్గా పట్టుకోకపోవచ్చు. ఎముకలు గుల్లబారకుండా మందులు వాడుతున్నవారు ఆ చీటీ డాక్టరుకు తప్పక చూపించాలి. ఇంప్లాంటుకు పుచ్చు పట్టదు గాని దాని చుట్టూ చిగురు పాడవుతుంది, కాబట్టి గుండీల చుట్టూ రోజూ బ్రష్ పెట్టాల్సిందే. పై సెట్టు కుదురుగా ఉంటే దాన్ని అలాగే వదిలేయవచ్చు.

అమ్మానాన్నలను పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లే పిల్లలకు మా మనవి ఒక్కటే. కొత్త సెట్టుకు కొలతలు ఇచ్చే ముందు, కింది దవడకు రెండు ఇంప్లాంట్లు వేసి వాటి మీద సెట్టు నిలపగలరా అని అడగండి. ఎంత అవుతుందో, పాత సెట్టు పనికొస్తుందో లేదో కూడా అప్పుడే అడిగి రాయించుకోండి.