పొగ ఇద్దరికీ ముప్పే

ఉత్తరాంధ్ర తీర గ్రామాల్లో చుట్ట నిప్పును నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు ఆడవాళ్లలో తరతరాలుగా ఉంది. దానివల్ల అంగిలి పాడై, నోటి క్యాన్సర్ రావచ్చు. కడుపుతో ఉన్నప్పుడు పొగ ముప్పు బిడ్డకూ తప్పదు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ఆక్సిజన్ చోటును ఆక్రమిస్తుంది. నికోటిన్ రక్తనాళాలను బిగించి మాయకు చేరే రక్తాన్ని తగ్గిస్తుంది. బిడ్డ నెలలు నిండకుండానే పుట్టొచ్చు, 2.5 కిలోలైనా తూగకపోవచ్చు, కడుపులోనే చనిపోనూవచ్చు. ‘మా అమ్మా కాల్చింది, నాకేమైంది?’ అన్న మాట ఏ బిడ్డనూ కాపాడదు. ఏ నెలలో మానినా మేలే, తొలి నెలల్లోనే మానితే మరీ మేలు. ఇంట్లో బీడీ, సిగరెట్ కాల్చే మగవాళ్లూ మానాలి. ఆ పొగా గర్భిణికి చేటే. మానడానికి సాయం కావాలంటే 1800-11-2356కు ఈ రోజే ఫోన్ చేయండి.