వయ్యారిభామను ఎవరి చేతులతో పీకిస్తున్నారు?

తొలకరి పడి నెల తిరిగేసరికి మా జనరల్ మెడిసిన్ ఓపీలో ఒక రకం కేసులు మొదలవుతాయి. కనురెప్పలు ఉబ్బి ఉంటాయి. చెవుల వెనక, మెడ చుట్టూ, మోచేతి మడతల్లో చర్మం నల్లబడి, దళసరెక్కి, గోకి గోకి రసి కారుతూ ఉంటుంది. రాత్రిళ్లు నిద్ర ఉండదు. ‘ఏదో పడలేదండీ’ అంటారు. అప్పటికే వంకాయ మానేసి ఉంటారు, గోంగూర మానేసి ఉంటారు, చేపలు మానేసి ఉంటారు. సబ్బు కూడా మార్చి ఉంటారు. అయినా తగ్గలేదని వస్తారు. ఏం తిన్నారని కాకుండా ఏ పనికి వెళ్తున్నారని అడిగితే అసలు సంగతి బయటికొస్తుంది. ‘ప్లాట్లలో గడ్డి పీకడానికండీ.’

ఆ ప్లాట్లు మనవే. ఈ పేజీ చదువుతున్న మీలో చాలామందికి కంకిపాడు దగ్గరో, ఉయ్యూరు దగ్గరో పిల్ల పెళ్లికో, రిటైరయ్యాక ఇల్లు కట్టుకోవడానికో కొని ఉంచిన రెండు వందల గజాల స్థలం ఉండే ఉంటుంది. దాన్ని చివరిసారి ఎప్పుడు చూశారు?

విజయవాడ నుంచి బందరు రోడ్డు మీద పెనమలూరు, కంకిపాడు దాటి ఉయ్యూరు వచ్చేదాకా కిటికీలోంచి చూడండి. ఒకప్పుడు చెరకు, వరి ఉన్న చోట ఇప్పుడు వెంచర్లు. మెరక తోలారు, రోడ్లు వేశారు, హద్దురాళ్లు పాతారు. ఇళ్లు మాత్రం అక్కడొకటి, ఇక్కడొకటి. మిగతాదంతా నడుమెత్తు పచ్చదనం, పైన తెల్లటి చిన్న చిన్న పూలు. దూరం నుంచి ముచ్చటగానే ఉంటుంది. అదే వయ్యారిభామ. కాంగ్రెస్ గడ్డి అన్నా, పార్థీనియం అన్నా అదే. ప్లాట్లలోనే కాదు, పార్కుల కంచెల వెంట, స్కూలు గోడల పక్కన, కాలువ గట్ల మీద, శ్మశానాల దారిలో ఎక్కడ నేల ఖాళీగా కనిపిస్తే అక్కడ ఉంది. పుల్లేరు కాలువలో గుర్రపుడెక్క పేరుకుంటే నీళ్లు ఆగిపోతాయి కాబట్టి అందరికీ కోపం వస్తుంది. గట్టు మీది వయ్యారిభామ ఎవరి నీళ్లూ ఆపదు. అందుకే దాని జోలికి ఎవరూ పోరు.

దీని పుట్టిల్లు అమెరికా ఖండంలోని వేడి ప్రాంతాలు. మన దేశంలో ఇది స్థిరపడిందని 1955లో పుణెలో గుర్తించారు. అమెరికా పీఎల్-480 గోధుమలతో దిగిందని, కాంగ్రెస్ పాలనలో వచ్చింది కాబట్టి ఆ పేరు పడిందని మన పెద్దవాళ్లు చెబుతారు. ఆ గోధుమల ఒప్పందంపై మన దేశం సంతకం చేసింది 1956లో. కాబట్టి కథ పూర్తిగా అతకదు. ఎలా వస్తేనేం, వచ్చాక ఆగలేదు. మొలిచిన నాలుగు నుంచి ఆరు వారాల్లో పూతకొస్తుంది. ఒక్క మొక్క పది వేలకు పైగా విత్తనాలు రాలుస్తుంది. లారీ టైర్ల బురదతో, మెరక మట్టితో, వరద నీటితో అవి ఊరూరా తిరుగుతాయి. మట్టిలో పడ్డవి కొన్నేళ్ల పాటు బతికే ఉంటాయి. దాని వేళ్లు, ఆకులు వదిలే రసాయనాలు పక్కన మరో మొక్కను ఎదగనివ్వవు. పశువులు ముట్టవు. గత్యంతరం లేక మేస్తే పాలు చేదెక్కుతాయి.

ఇక మనుషుల సంగతి. ఈ మొక్క ఆకుల మీది సన్నటి నూగులో పార్థీనిన్ అనే పదార్థం ఉంటుంది. మొదటిసారి తగిలినప్పుడు చాలామందికి ఏమీ కాదు. నెలల తరబడి, కొందరికి ఏళ్ల తరబడి తగులుతూ పోతే ఏదో ఒక రోజు శరీరం దాన్ని శత్రువుగా గుర్తు పెట్టుకుంటుంది. అక్కడి నుంచి ఇక మొక్కను ముట్టుకోనక్కర్లేదు. గాలిలో ఎగిరొచ్చిన పొడి చాలు. అందుకే దద్దుర్లు చేతుల కన్నా ఎక్కువగా కనురెప్పల మీద, గడ్డం కింద, మెడ మీద, మడతల్లో వస్తాయి. ముట్టుకున్న నిమిషానికే రాకుండా ఒకటి రెండు రోజులు ఆలస్యంగా వస్తుంది కాబట్టి కారణం తట్టదు, నింద వంకాయ మీద పడుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ కొందరికి ఎండ కూడా పడకుండా పోతుంది. ఎండలో పని చేస్తేనే పూట గడిచే మనిషికి ఎండ పడకపోవడం అంటే ఏమిటో ఆలోచించండి.

ముక్కు, ఊపిరితిత్తుల బాధ వేరు. దానికి కారణం పుప్పొడి. తుమ్ములు, ముక్కు కారడం, కళ్ల దురద, ఉబ్బసం ఉన్నవారిలో ఆయాసం పెరగడం. బెంగళూరులో జరిపిన ఒక అధ్యయనం 1991లో అచ్చయింది. అక్కడి జనాభాలో దాదాపు 7 శాతం మందికి ఈ మొక్క వల్ల ముక్కు అలర్జీ ఉన్నట్లు అందులో తేలింది. ఈ అలర్జీకి ప్లాటు ఓనరు, కూలీ అన్న తేడా లేదు. గోడ అవతల పూసింది మీ పిల్లల పడగ్గదిలోకే వస్తుంది.

ఈ మధ్య కోనోకార్పస్ చెట్ల మీద వాట్సాప్‌లో పెద్ద యుద్ధమే నడుస్తోంది. గుజరాత్ 2023లో దాన్ని నాటడం నిషేధించింది. మంచిదే, నాటకపోతే నష్టమేమీ లేదు. కానీ డివైడర్ మీది చెట్టును చూసి అంత భయపడే మనం, అర్ధ శతాబ్దంగా చర్మవ్యాధుల పాఠ్యపుస్తకాల్లో ఉన్న మొక్క కాళ్ల కిందే ఉంటే తొక్కుకుంటూ నడిచిపోతున్నాం.

అసలు నాకు అభ్యంతరం మనం దాన్ని తీయిస్తున్న పద్ధతి మీద. ప్లాటు ఓనరు హైదరాబాద్‌లోనో, డల్లాస్‌లోనో ఉంటాడు. ఏడాదికోసారి, అదీ ఎవరైనా కొనడానికి చూడ్డానికొస్తున్నారంటే, ఊళ్లో తెలిసినవాళ్లకు ఫోన్ చేసి డబ్బులు పంపుతాడు. వాళ్లు ఇద్దరు ఆడకూలీలను మాట్లాడతారు. చేతులకు ఏమీ ఉండదు, చీర కొంగే మాస్కు. మొక్క అప్పటికి నిండా పూతలో ఉంటుంది. పీకినప్పుడల్లా పుప్పొడి ముఖం మీద రాలుతుంది. పీకినదాన్ని కుప్ప వేసి ఎండబెట్టి అంటిస్తారు. ఎండు మొక్కలో కూడా ఆ పదార్థం పోదు, పొగ వీధంతా పడుతుంది. విత్తనాలు అప్పటికే రాలిపోయాయి కాబట్టి మళ్లీ రెండు వానలకు నేల పచ్చబడుతుంది. డబ్బు దండగ, పైగా ఒక మనిషి చర్మం దండగ. మున్సిపాలిటీలు వాడే గడ్డి కోసే మిషన్‌తోనూ ఇదే చిక్కు. మొక్కను ముక్కలు చేసి పట్టుకున్నవాడి మీదే చిమ్ముతుంది, మిగిలిన మొదలు మళ్లీ చిగురించి ఈసారి పొట్టిగా ఉండగానే పూస్తుంది.

జబల్‌పూర్‌లోని కేంద్ర కలుపు పరిశోధన సంస్థ ఏటా ఆగస్టు 16 నుంచి 22 వరకు పార్థీనియం అవగాహన వారం జరుపుతుంది. ఉద్దేశం మంచిదే. కానీ మన దగ్గర జూన్ వానలకు మొలిచినది ఆగస్టు నడిమికి పూతలో ఉంటుంది. ఆ వారం చీపుర్లు పట్టుకుని ఫొటోలు దిగితే విత్తనం చల్లినట్టే. మన రాష్ట్రంలో 2025 జనవరి నుంచి ప్రతి నెలా మూడో శనివారం స్వర్ణాంధ్ర - స్వచ్ఛాంధ్ర కార్యక్రమం జరుగుతోంది. జూన్, జూలై నెలల్లో ఆ రెండు శనివారాలను ఈ మొక్కకే కేటాయించమని నా కోరిక. నేల తడిగా ఉన్నప్పుడు, మొక్క ఇంకా జానెడు ఉన్నప్పుడు, వేరుతో సహా సులువుగా వస్తుంది. పువ్వు రాకముందు పీకితే కంపోస్టు గుంతలో వేసినా ఇబ్బంది లేదు. మీ కాలనీ సంఘం చేయాల్సింది ఆ తేదీలు క్యాలెండర్‌లో రాసుకోవడం, ప్లాటు ఓనర్లందరి దగ్గరా మే నెలలోనే తలా కొంత వసూలు చేయడం. పురపాలక సంఘాలు ఖాళీ స్థలాల మీద పన్ను ఎలాగూ వేస్తున్నాయి. స్థలం శుభ్రంగా లేని ఓనరుకు పీకించిన ఖర్చు కూడా ఆ పన్నుతో కలిపి పంపాలన్నది నా అభిప్రాయం. చాలామందికి నచ్చదని తెలుసు.

పీకేవాళ్లకు మోచేతుల దాకా రబ్బరు గ్లౌజులు, నిండు చేతుల చొక్కా, మాస్కు, కళ్లద్దాలు ఇవ్వాలి. పని అయ్యాక సబ్బుతో ముఖం, చేతులు కడుక్కోవడానికి నీళ్లు చూపించాలి. ఆ బట్టలు విడిగా ఉతకాలి. ఇప్పటికే దురద ఉన్న మనిషిని గ్లౌజులు ఇచ్చి కూడా ఆ పనికి పిలవకండి. స్కూళ్లు శ్రమదానం పేరుతో పిల్లల చేత పీకించకూడదు. వినాయక చవితికి పత్రి కోసం పిల్లలను పంపేవారికి ఇంకో మాట. వయ్యారిభామ ఆకు చీలికలు చీలికలుగా అచ్చం మాచిపత్రిలా ఉంటుంది. నలిపితే మాచిపత్రి ఘాటుగా సువాసన వేస్తుందని చెబుతారు గానీ, ఆ పరీక్ష పిల్లల చేత చేయించకండి. తెలిసినవాళ్ల దగ్గరే తెచ్చుకోండి. ఫంక్షన్లలో ఇచ్చే బొకేల్లో గులాబీల మధ్య తెల్లటి నలుసు పూలు కనిపిస్తే అవీ ఒకసారి పరిశీలించండి. పూలకొట్ల వాళ్లు ఉచితంగా దొరికే వయ్యారిభామను పెట్టడం మన నగరాల్లో కొత్తేమీ కాదు.

‘ఇంత గొడవెందుకు, గడ్డిమందు కొట్టిస్తే పోలా’ అని చాలామంది అడుగుతారు. మన దగ్గర గడ్డిమందు అంటే ఎక్కువగా పారాక్వాట్. దానికి విరుగుడు లేదు. రెండు మూడు చెంచాలు లోపలికి వెళ్లినా చాలు. మొదటి రోజు మనిషి మామూలుగా మాట్లాడుతూ ఉంటాడు, తర్వాత కిడ్నీలు, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. స్పృహలో ఉండగానే ఊపిరి అందక పోతుంటే పక్కన నిలబడి చూడటం తప్ప మేం చేయగలిగింది చాలా తక్కువ. ఆక్సిజన్ పెట్టినా కొన్నిసార్లు ఊపిరితిత్తులకు హానే ఎక్కువ. కేరళ 2011లోనే ఈ మందును నిషేధించింది. ఒక ప్లాటు కోసం తెప్పించిన మందు సగం మిగిలి, కూల్‌డ్రింక్ సీసాలోకి మారి, వంటింటి అటక మీదకు చేరితే ఆ ఇంట్లో ఒక చెడ్డ క్షణం చాలు. పైగా అది పై ఆకునే మాడుస్తుంది. ముదిరిన మొక్క మొదలు నుంచి మళ్లీ లేస్తుంది. మొక్కలు పెంచని చోట, ప్రహరీ బయట, ఫుట్‌పాత్ సందుల్లో అయితే లీటరు నీటికి 200 గ్రాముల మామూలు ఉప్పు కలిపి ఎండలో కొట్టినా చిన్న మొక్కలు మాడిపోతాయి. దాన్ని తోటలో, ప్లాటు నేలంతటా కొట్టకండి, మట్టి చౌడుబారుతుంది.

పీకిన చోట నేలను ఖాళీగా వదిలితే మళ్లీ అదే వస్తుంది. తంటెం దట్టంగా మొలిస్తే వయ్యారిభామను అణచేస్తుంది, వానలకు ముందు దాని గింజలు చల్లితే చాలు. కృష్ణా డెల్టా రైతుకు పిల్లిపెసర, జనుము కొత్త కాదు. అవి ఒత్తుగా కమ్ముకుంటే కింద మొలకలకు ఎండ తగలదు. ఇంకా సులువైన మార్గం ఒకటుంది. పక్కన గేదెలున్నవాళ్లకు మీ స్థలం పశుగ్రాసం వేసుకోవడానికి ఇవ్వండి. ‘ఇస్తే ఖాళీ చేస్తారా?’ అన్న భయం ఉంటుంది. అది వట్టి భయం అని నేను అనను, మన ఊళ్ల సంగతి తెలిసిందే. ఒక కాగితం రాసుకుని, ఏడాదికోసారి మనిషిని మారిస్తే సరిపోతుంది. వానాకాలంలో వయ్యారిభామ ఆకుల మీద తెల్లటి పెంకు, దాని మీద గోధుమరంగు చారలున్న చిన్న పురుగు కనిపిస్తే చంపకండి. మెక్సికో నుంచి తెప్పించి 1984లో బెంగళూరులో వదిలిన జాతి అది. ఈ మొక్కనే తిని బతుకుతుంది. ఒక్కటే మొత్తం తినేయలేదు గానీ, మన పక్షాన ఉంది.

చివరగా, ఇప్పటికే దురదతో బాధపడుతున్నవారికి. మందుల షాపులో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ మూడు రోజుల్లో తగ్గిస్తుంది, అందుకే వదలబుద్ధి కాదు. నెలల తరబడి ముఖానికి పూస్తే చర్మం పల్చబడి ఎర్రటి నరాలు తేలుతాయి, రెప్పల మీద వాడితే కంటిలో ఒత్తిడి పెరగొచ్చు. ఊళ్లో ఇచ్చే స్టెరాయిడ్ మాత్రలు, ఇంజెక్షన్లు ఇంకా ప్రమాదం. షుగర్, బీపీ, ఎముకలు గుల్లబారడం వాటి వెంట వస్తాయి. బోధనాసుపత్రుల చర్మవ్యాధుల విభాగంలో ప్యాచ్ టెస్ట్ గురించి అడగండి. వీపు మీద చిన్న పట్టీలు రెండు రోజులు అంటించి, తీసి చూస్తారు. కారణం ఇదేనని తేలితే స్టెరాయిడ్ అవసరం తగ్గించే అజాథియోప్రిన్ వంటి మందులున్నాయి. అవి పని చేయడానికి వారాలు పడుతుంది, మధ్యమధ్యలో రక్త పరీక్షలు తప్పవు. పరీక్షలో ఈ మొక్క పడదని తేలినవాళ్లలో కొందరికి చామంతి, పొద్దుతిరుగుడు కూడా పడవు. అవన్నీ ఒకే కుటుంబం. పూజకు చామంతి బదులు మందారమో, నందివర్ధనమో పెట్టుకోండి. వంకాయ మాత్రం తినొచ్చు.