ఇక్కడ చెరిపారు సరే, అక్కడి కాపీ సంగతేంటి?



ఉద్యోగాలని ఆశపెట్టి మన కుర్రాళ్లని కంబోడియా తీసుకెళ్లి, వాళ్ల చేత సైబర్ మోసాలు చేయించిన ముఠాల సంగతి 2024లో విశాఖ పోలీసులు బయటపెట్టారు, గుర్తుందా? అలాంటి ముఠాల్ని పట్టాలంటే దేశాల పోలీసులు వివరాలు ఇచ్చిపుచ్చుకోవాల్సిందే. దాన్ని మనం వద్దనట్లేదు.

కానీ ఏ హద్దుల్లో?

2024 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సైబర్ నేరాల ఒప్పందాన్ని ఆమోదించింది. 2025 అక్టోబరులో హనోయిలో దేశాల సంతకాలు మొదలయ్యాయి. దీని కింద సైబర్ నేరమే కానక్కర్లేదు. నాలుగేళ్లు, ఆపైన జైలు పడే ఏ నేరంలోనైనా ఎలక్ట్రానిక్ సాక్ష్యం దేశం దాటొచ్చు. మనోళ్ల మీద పెట్టే ఉపా కేసులు చాలావరకు ఈ గీత దాటేవే.

"వ్యక్తిగత సమాచారానికి రక్షణ రాశారు కదా" అంటారు. రాశారు. కానీ ఆ రక్షణ చాలావరకు పంపే దేశపు సొంత చట్టం మీదే ఆధారపడింది. మరి మన చట్టం? 2023 డేటా రక్షణ చట్టంలో 17వ సెక్షన్ చదవండి. నేర దర్యాప్తు అంటే చాలు, డేటాను భద్రంగా దాచే బాధ్యత మిగులుతుంది గానీ, నా గురించి ఏం రాసుకున్నారని అడిగే హక్కు, తప్పుంటే దిద్దించే హక్కు, విదేశాలకు పంపడంపై ఆంక్షలు ఏవీ వర్తించవు.

2022లో వచ్చిన ఇంకో చట్టం ప్రకారం అరెస్టయినవాడి వేలిముద్రలు, కంటిపాప స్కాన్ 75 ఏళ్లు దాచొచ్చు. పాత శిక్షలేవీ లేనివాడు నిర్దోషిగా బయటపడితే, కోర్టు వద్దంటే తప్ప, చెరిపేయాలి. సరే, ఇక్కడ చెరిపారు. అప్పటికే పరాయి దేశం చేరిన కాపీని ఎవరు చెరపాలి? అది వెళ్లిందని నీకు ఎవరు చెప్తారు?

రిజిస్టర్లో పేరెక్కితే ఏమవుతుందో స్టువర్టుపురం ఎరుకల పెద్దల్ని అడగండి. తెల్లోడి క్రిమినల్ ట్రైబ్స్ చట్టం 1952లో పోయింది. అనుమానం పోయిందా? ఆ రిజిస్టర్ ఠాణాలో ఉండేది. ఈ రిజిస్టర్‌కి సరిహద్దే లేదు.

అందుకే మూడు అడుగుదాం. మేజిస్ట్రేట్ అనుమతి లేకుండా ఎవరి డేటా దేశం దాటకూడదు. దర్యాప్తు ముగిశాక ఆ మనిషికి చెప్పాలి. నిర్దోషి అని తేలితే అవతలి దేశమూ చెరపాలి. ఏ దేశంతో ఏ ఒప్పందం రాసుకున్నా ఈ మూడూ అందులో ఉండాలి.

ఇలా అడగడం నేరగాళ్లని కాపాడటం కాదు. నేరం చేయనోణ్ణి కాపాడుకోవడం. మీ ఎంపీ ఓట్లకి వచ్చినప్పుడు 17వ సెక్షన్ గురించి అడగండి. తెలీదంటే చదివి వినిపించండి.