తనఖాకి రాని వాటా

"రెండేళ్ల చదువుకి రెండు దేశాలు తిరగడమేమిటమ్మాయ్, ఒక్కచోట చెప్పేవాళ్లు లేరా?" అన్నాడు మా పెదనాన్న. అప్పటికి ఆయన కొడుకు అమెరికాలో మూడేళ్లలో మూడు రాష్ట్రాలు మారాడు. అది ఎదుగుదల. నేను మారితే తిరుగుడు. ఆడదాని విషయంలో ఆ మాటని మనవాళ్లు ఎలా వాడతారో ఈ పత్రిక పాఠకులకి నేను చెప్పనక్కర్లేదు.

నాకు సీటొచ్చింది ఎరాస్మస్ ముండస్ అనే పథకం కింద నడిచే ఉమ్మడి మాస్టర్స్ కోర్సులో. యూరోపియన్ యూనియన్ 2004లో మొదలుపెట్టిన పథకం అది. ఒకే విశ్వవిద్యాలయంలో కూర్చుని చదివితే కుదరదు, కనీసం రెండు దేశాల్లో చదవాలి. నా సబ్జెక్టు స్త్రీల అధ్యయనాలు. మొదటి ఏడాది స్పెయిన్‌లోని గ్రనాడాలో, రెండో ఏడాది ఇటలీలోని బొలోన్యాలో. ఎంపికైనవాళ్లలో కొందరికే స్కాలర్‌షిప్పు. మిగిలినవాళ్లు సొంత డబ్బుతో చదువుకోవాలి. 2022లో వచ్చిన జాబితాలో నా పేరు స్కాలర్‌షిప్పు దగ్గర వెయిటింగ్ లిస్టులో ఉంది. అంటే సీటుంది, డబ్బు లేదు.

డబ్బు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. అసలు గొడవంతా అక్కడే.

తెనాలి దగ్గర మా ఊళ్లో మాకు నాలుగెకరాలుంది. ముత్తాతల నాటి ఉమ్మడి పొలం. 2018లో అన్నయ్య ఎమ్మెస్‌కి వెళ్లేటప్పుడు పట్టాదారు పాస్‌పుస్తకం, 1బి, ఈసీ పట్టుకుని నాన్నా అన్నయ్యా బ్యాంకుకి వెళ్లారు. మూడు వారాల్లో ముప్ఫై లక్షలు మంజూరైంది. నాన్న సంతకం పెట్టాడు, అన్నయ్య పెట్టాడు. అప్పటికి నాకు పంతొమ్మిదేళ్లు. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఉంటుందని మన రాష్ట్రంలో 1985 నుంచే చట్టం ఉంది. కేంద్రం 2005లో అదే పని చేసింది. ఆ హక్కు పుట్టుకతో వచ్చేదేనని సుప్రీంకోర్టు 2020లో మళ్లీ స్పష్టం చేసింది. అయినా ఆ రోజు నా సంతకం కావాలని బ్యాంకు అనలేదు, నాన్న అనలేదు. నిజం చెప్పాలంటే, నేనూ అనలేదు. హాల్లో కూర్చుని అన్నయ్య సూట్‌కేసుకి పేరు చీటీ అంటిస్తున్నాను.

నాలుగేళ్లకి నా వంతు వచ్చింది. బ్యాంకులో ఆఫీసరు దరఖాస్తు చూసి, దేశం అన్న గడిలో రెండు పేర్లు పట్టవమ్మా అన్నాడు. ఈ చదువుకి ఉద్యోగం ఏమొస్తుంది అన్నాడు. చివరికి, "మీ నాన్నగారిని తీసుకురా, మాట్లాడదాం" అన్నాడు. నాన్న రాలేదు.

"పొలం నీ పెళ్లికని ఉంచా. దాని జోలికి రాకు."

ఇక్కడ ఆగి ఆలోచించండి. కట్నం ఇవ్వడం, తీసుకోవడం నేరమని 1961లోనే చట్టం చేశారు. కూతురి చదువుకి పొలం తనఖా పెట్టడం ఏ చట్టం ప్రకారమూ నేరం కాదు. మా ఇంట్లో నేరానికి పొలం సిద్ధంగా ఉంది, చదువుకి లేదు! పైగా అది నా కోసమే ఉంచారట. నా పేరు చెప్పి ఉంచిన పొలం మీద నాకు ఏ అధికారమూ లేదు. అది నా చేతికి రాదు, నన్ను చేసుకోబోయేవాడి చేతికి పోతుంది. కొడుకు చదువు పెట్టుబడి, కూతురి చదువు ఖర్చు అన్న లెక్క నాన్న ఒక్కడు కట్టింది కాదు. బ్యాంకు కాగితాల్లోనూ అదే లెక్క.

జూన్ నెలాఖరున ఎవరో తమ స్కాలర్‌షిప్పు వదులుకున్నారు, అది నాకు వచ్చింది. ఎవరో తెలియదు, ఎందుకు వదులుకున్నారో తెలియదు. ఆమె ఇంట్లోనూ ఒక పొలం ఉందేమోనని అప్పుడప్పుడు అనిపిస్తుంది.

ఇంతా చేసి, స్కాలర్‌షిప్పు డబ్బు చేతికొచ్చేది అక్కడ అడుగుపెట్టాక. అంతకు ముందే టికెట్టు, వీసా ఫీజు, గదికి అడ్వాన్సు. ఒక మధ్యాహ్నం అమ్మ నాలుగు గాజులు గుడ్డలో చుట్టి తెచ్చి నా ఒళ్లో పెట్టింది. "ఇవి మా అమ్మ పెట్టినవే. వీటికి ఎవర్నీ అడగక్కర్లేదు" అంది. ముప్ఫై ఏళ్ల కాపురంలో ఎవర్నీ అడగకుండా ఆమె తీసుకున్న నిర్ణయం నేను చూసింది అదొక్కటే.

అక్కడికి పోయాక స్వర్గమేమీ కాదు. స్పెయిన్‌లో దిగిన నెల లోపల గుర్తింపు కార్డుకి అర్జీ పెట్టాలి. ఇటలీలో అయితే ఎనిమిది పనిదినాల్లో నివాస అనుమతికి అర్జీ పెట్టాలి. ఇలాంటి కోర్సుల విద్యార్థులు ఒక దేశం అనుమతితో మరో దేశంలో 360 రోజుల దాకా చదువుకోవచ్చని యూరప్‌లో 2016 నాటి ఆదేశం ఒకటి ఉంది. అయినా నీ పోషణకి డబ్బేదని అడగడం రెండో దేశం కూడా మానదు. స్కాలర్‌షిప్పు ఉత్తరం ఉన్నందుకు నేను గట్టెక్కాను. లేనివాళ్లు మళ్లీ ఇంటికి ఫోన్ చేయాలి, మళ్లీ నాన్ననే అడగాలి.

బొలోన్యాలో లారా బాస్సీ అనే ఆమెకి 1732లో డాక్టరేటు ఇచ్చి, ఆచార్య పదవి కూడా ఇచ్చారు. కాని మగ ఆచార్యుల్లా విశ్వవిద్యాలయంలో బహిరంగంగా పాఠం చెప్పే స్వేచ్ఛ మాత్రం ఇవ్వలేదు. ఆమె ఇంట్లోనే భౌతికశాస్త్రం బోధించింది. పట్టా చేతిలో పెట్టి దారి మూసేయడం మనవాళ్లకే తెలిసిన విద్య కాదన్నమాట.

నా గోడు పొలం ఉన్నవాళ్ల గోడు అని నాకు తెలుసు. పొలమే లేని దళిత అమ్మాయి తనఖా ఏం పెట్టాలి? ఆమె కోసం కేంద్రం జాతీయ విదేశీ స్కాలర్‌షిప్పు పెట్టింది, అందులో 30 శాతం స్త్రీలకి అంది. 2018లో హంగరీ ప్రభుత్వం జెండర్ అధ్యయనాల మాస్టర్స్ కోర్సుల గుర్తింపునే తీసేసింది. మన ప్రభుత్వం అంత మొరటుగా పోలేదు. 2022లో నిబంధనలు మార్చి, భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, మన దేశపు సామాజిక అంశాల మీద చదువుకి ఈ స్కాలర్‌షిప్పు వర్తించదంది. కులం గురించి, ఇక్కడి స్త్రీల బతుకుల గురించి బయటికి వెళ్లి పరిశోధన చేస్తానన్న అమ్మాయికి అక్కడే తలుపు పడింది. ఇంజనీరింగుకి వెళ్తానంటే అభ్యంతరం లేదు. తన ఊరి గురించి తను రాయడమే అభ్యంతరం. మా నాన్న పొలం దగ్గర చేసింది, ప్రభుత్వం చదువు దగ్గర చేసింది.

అమ్మ గాజులు నాలుగో నెలలో విడిపించాను. అన్నయ్య లోను తీరిపోయి పాస్‌పుస్తకం నాన్న బీరువాలోకి తిరిగొచ్చింది. ఇకమీదట ఆ పొలం మీద ఏ అప్పు ఇవ్వాలన్నా నా సంతకం కూడా ఉండాలని బ్యాంకుకి రిజిస్టర్డ్ పోస్టులో రాశాను. నకలు ఒకటి నాన్నకి ఇచ్చాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. ఏమీ అనలేదు. మడిచి పాస్‌పుస్తకంలోనే పెట్టి బీరువా తాళం వేశాడు.