గుడుపల్లె వంటింటికి ఐఎస్ఐ గుర్తు కావాలి

చిత్తూరు జిల్లా కలెక్టర్ గారికి,

గుడుపల్లెలో కూలి డబ్బు కూడబెట్టి కుక్కర్ కొనే ఇల్లాలు మొదట అడిగేది ధరే. అది సహజం. కానీ నాసిరకం కుక్కర్ మూడు నెలలకే మూలన పడితే ఆ పేదింటికి రెండోసారి ఖర్చు. సేఫ్టీ వాల్వ్ పని చేయకపోతే ప్రాణానికే ముప్పు.

చట్టం ఆమె పక్షానే ఉంది. ప్రెషర్ కుక్కర్లకు 2021 ఫిబ్రవరి నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. తర్వాత స్టీలు, అల్యూమినియం పాత్రలకూ ఆ నిబంధన వచ్చింది. అయితే గుర్తును ఎవరైనా అచ్చేయగలరు. దాని కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు ఉండాలి. దాన్ని భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) వారి బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే తయారీదారు పేరు, లైసెన్సు చెల్లుతుందో లేదో తెలుస్తాయి. పైసా ఖర్చు లేని ఈ పరీక్ష మా పల్లెల్లో ఎంతమందికి తెలుసు? బిల్లు అడిగి తీసుకోవాలనీ, మోసపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చనీ చెప్పేవారేరీ?

2025 సెప్టెంబరు 22 నుంచి వంటపాత్రలపై జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. ఆ తగ్గింపు మా దుకాణాల దాకా వచ్చిందో లేదో అధికారులే వచ్చి చూడాలి.

డ్వాక్రా మహిళా సంఘాల సమావేశాల్లో ఈ యాప్ వాడకం నేర్పించండి. గుర్తు లేని సరుకుపై తనిఖీలు జరిపించండి. అన్నిటికన్నా ముఖ్యం, ఆ సంఘాల మండల సమాఖ్య ద్వారా నాణ్యమైన కుక్కర్లు, స్టవ్‌లు టోకున కొని, సభ్యులకు వాయిదాల మీద ఇప్పించండి. ఆ పనికి గుడుపల్లె నుంచే శ్రీకారం చుట్టమని కోరుతున్నాను.

ఇట్లు,
గుడుపల్లె మండల వాసి